మంచుకొండను లాక్కొచ్చి నీళ్లు తాగడం నిజంగా అయ్యే పనేనా?

ట్యాంకర్_బాధితుడు
మా అపార్ట్‌మెంట్‌లో రెండు బోర్లూ మార్చి నెలకే ఎండిపోయాయి. పది వేల లీటర్ల ట్యాంకర్‌కు పదిహేను వందలు ఇస్తున్నాం. అది రాత్రి పదకొండింటికైనా వస్తే పండగ. నిన్న దాని కోసం మెట్ల మీద కూర్చుని ఫోన్ చూస్తుంటే ఏ23ఏ అనే మంచుకొండ వీడియో కనిపించింది. 1986లో అంటార్కిటికా నుంచి విరిగిందట. ముప్పై ఏళ్లకు పైగా సముద్రం అడుగున ఇరుక్కుని, ఆ తర్వాత కదిలి, 2025 మార్చిలో సౌత్ జార్జియా దీవి దగ్గర మళ్లీ నేల తగిలి ఆగిందట. దాదాపు లక్ష కోట్ల టన్నుల మంచినీళ్లు, ఎవరికీ పనికిరాకుండా ఉప్పునీళ్లలో కలిసిపోతున్నాయి. నేనేమో సంపులో అరచేతి లోతు నీళ్లు చూసుకుని లెక్కలు వేస్తున్నాను. వీటిలో ఒక చిన్న ముక్కకు తాడు కట్టి ఎండిన దేశాలకు లాక్కెళ్లవచ్చు కదా? ఎవరైనా ప్రయత్నించారా, లేక నాకు ఎండదెబ్బ తగిలిందా?

నల్లాదగ్గర_కొట్లాట
లాక్కొచ్చినా ఏం లాభం? మా వీధిలో మొదటి ఇంటివాళ్లు మోటారు పెట్టి మంచుకొండను కూడా లాగేసుకుంటారు. చివరి ఇంటికి చల్లగాలి మాత్రం వస్తుంది.

లెక్కలమాస్టారు
ఎండదెబ్బ కాదు. ఈ ఆలోచన పుట్టి డెబ్బై ఐదేళ్లు దాటింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసిన జాన్ ఐజాక్స్ 1940ల చివర్లోనే అంటార్కిటికా మంచుకొండను అమెరికా పశ్చిమ తీరానికి లాక్కురావచ్చని చెప్పాడు. 1973లో ర్యాండ్ సంస్థ దీని మీద పెద్ద నివేదికే రాసింది. ఒక్క కొండ కాదు, రైలు పెట్టెల్లా వరుసగా కట్టి లాగాలన్నది వాళ్ల ఊహ.

అసలు సందడి 1977లో. సౌదీ రాకుమారుడు మొహమ్మద్ అల్ ఫైసల్ అప్పటికే తమ దేశంలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే సంస్థను నడిపిన మనిషి. ఆయన డబ్బుతో అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ అనే ఊళ్లో అంతర్జాతీయ సమావేశం పెట్టారు. సముద్రం వందల మైళ్ల దూరంలో ఉన్న ఊరది, చుట్టూ మొక్కజొన్న చేలు. అక్కడికి అలాస్కా నుంచి ఒక మంచు ముక్కను హెలికాప్టర్, విమానం, లారీ మార్చి మార్చి తెప్పించారు. వచ్చినవాళ్ల పానీయాల్లో వేశారు.

నల్లాదగ్గర_కొట్లాట
మంచుకొండ నీళ్లు మనిషి దాహం తీర్చిన మొదటి సందర్భం అన్నమాట. ఎవరి దాహం, ఏ దాహం అని అడగకూడదు.

ట్యాంకర్_బాధితుడు
మాస్టారూ, మరి సౌదీకి కొండ చేరిందా లేదా?

లెక్కలమాస్టారు
చేరితే నువ్వు ఈ ప్రశ్న అడిగేవాడివా?

నడిసంద్రం
చేరదు కూడా. ఎందుకో నౌకలో తిరిగినవాడిగా చెబుతాను. అంటార్కిటికా దగ్గర బల్లపరుపుగా విరిగే పెద్ద కొండల మందం రెండు వందల మీటర్లకు పైనే ఉంటుంది. అందులో పైకి కనిపించేది పదో వంతు, మిగతాదంతా నీళ్ల కింద. ఇప్పుడు ఎర్ర సముద్రంలోకి వెళ్లే దారి చూడండి. దక్షిణాన హనీష్ దీవుల దగ్గర సముద్రపు అడుగు గడపలా పైకి లేస్తుంది. అక్కడ లోతు సుమారు 137 మీటర్లు. రెండు వందల మీటర్ల కొండ గుమ్మంలోనే కూలబడుతుంది. పర్షియన్ గల్ఫ్ మరీ అన్యాయం, సగటు లోతు 35 మీటర్లే. అందుకే 2017లో యూఏఈ సంస్థ ఒకటి దక్షిణ హిందూ మహాసముద్రంలోని హర్డ్ దీవి దగ్గర నుంచి కొండను తెస్తామని ప్రకటించినప్పుడు దుబాయ్ పేరు ఎత్తలేదు, గల్ఫ్ బయట ఉన్న ఫుజైరా పేరు చెప్పింది. అది కూడా ఇంతవరకు కాగితం దాటలేదు.

ఆశల_పల్లకి
గుమ్మం చిన్నదైతే బీరువాను ముక్కలు చేసి లోపలికి తెస్తాం కదా? చిన్న కొండనే ఎంచుకుంటే సరిపోతుంది.

ఐసుదిమ్మ
చిన్నదైతే దారిలోనే అయిపోతుంది బాబూ. నేను కాకినాడలో చేపల ఐస్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను, నాకు తెలిసిన ముక్క చెబుతాను. యాభై కిలోల దిమ్మ ఊకలో పెట్టి గోనె కప్పితే మర్నాటికి కూడా దిమ్మలాగే ఉంటుంది. అదే యాభై కిలోలు మరలో వేసి నలిపి బుట్టలో పోయండి, మధ్యాహ్నానికి బుట్ట కింద మడుగు. బరువు అదే, ఐసు అదే. నలిపితే గాలి తగిలే ఒళ్లు పెరుగుతుంది, అంతే. కాబట్టి కొండ ఎంత పెద్దదైతే అంత నయం. పెద్దదైతే నడిసంద్రం గారు చెప్పిన గడప దాటదు. చిన్నదైతే గడప దాకా రాదు.

ఆశల_పల్లకి
సరే, గుడ్డ చుట్టాలి. ఫ్రాన్స్ ఇంజినీరు జార్జ్ మూజెన్ ఇదే చెప్పాడు. సౌదీ రాకుమారుడితో కలిసి పనిచేసినవాడే. జీవితమంతా ఈ ఆలోచనను వదల్లేదు. 2010 ప్రాంతంలో డసో సిస్టమ్స్ అనే ఫ్రెంచ్ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల కంప్యూటర్లలో మొత్తం ప్రయాణాన్ని నడిపి చూశారు. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర 70 లక్షల టన్నుల కొండ, దాని చుట్టూ నీళ్లలోకి దిగే పావడా లాంటి గుడ్డ, లాగడానికి ఒకే ఒక్క టగ్గు, అంటే ఓడలను లాగే చిన్న ఓడ. కానరీ దీవులకు 141 రోజుల్లో చేరింది. 38 శాతమే కరిగింది. అంటే మూడింట రెండు వంతుల దాకా మిగిలినట్టే.

నడిసంద్రం
కంప్యూటర్‌లో చేరింది. ఆ మాట కూడా చేర్చండి.

ఆశల_పల్లకి
విమానాన్ని కూడా ముందు కంప్యూటర్‌లోనే ఎగరేస్తారు.

నడిసంద్రం
నిజమే, కానీ విమానానికి తాడు కట్టి లాగరు. నేను కొన్నేళ్లు న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చమురు వేదికలకు సరుకులు చేరవేసే ఓడలో ఇంజినీరుగా ఉన్నాను. ఇంటి పేరు చెబితే విశాఖలో సగం మంది గుర్తుపడతారు, కాబట్టి వద్దు. 1997లో నిలబెట్టిన హైబెర్నియా వేదిక ఉండేది ఆ సముద్రంలోనే. దాని అడుగు కాంక్రీటును కొండలు గుద్దినా తట్టుకునేలా కట్టారు. అయినా ఊరికే గుద్దించుకోరు కదా, వచ్చేవాటిని పక్కకు తప్పించాలి. ఆ పని మాలాంటి ఓడలది.

ఎలా చేస్తామంటే, నీళ్లపై తేలే సింథటిక్ మోకు ఒకటి ఉంటుంది. కిలోమీటరు పైన పొడవు, మనిషి ముంజేయంత లావు. దాని ఒక కొసను నీళ్లలో వదిలి కొండ చుట్టూ ప్రదక్షిణ చేసి, వచ్చి ఆ కొసను మళ్లీ అందుకుంటాం. రెండు కొసలూ ఓడ వెనక ఉక్కు తీగకు కలిపి, మెల్లగా, చాలా మెల్లగా బరువు ఎక్కిస్తాం. ఇంజిన్లు అరుస్తుంటాయి, డెక్కు వణుకుతుంటుంది, కొండ మాత్రం మనల్ని లెక్కే చేయదు. గంట, గంటన్నర తర్వాత దిక్సూచిలో నాలుగైదు డిగ్రీల తేడా వస్తే అందరం ఊపిరి పీల్చుకుంటాం. అంతకు మించి మాకు అక్కర్లేదు. మేము లాగింది నీళ్ల కోసం కాదు, దారి తప్పించడానికి.

ఇక మోకు జారడం. మంచు నున్నగా ఉంటుంది, నీళ్ల గీత దగ్గర అలలు కోసి కోసి గాడి పెడతాయి. ఒకసారి మోకు ఆ గాడిలోంచి సర్రున పైకి లేచి కొండ మీదుగా జారి మా వైపు వచ్చి పడింది. ఇంకోసారి కొండే పల్టీ కొట్టింది. మేము ఎంతో దూరంలో ఉన్నాం, అయినా ఆ అల వచ్చి ఓడను ఊపిన ఊపుకు వంటగదిలో పప్పు కుక్కర్ నేల మీద దొర్లింది. ఇది ఒకటి రెండు రోజుల పని. దీన్నే 141 రోజులు చేయండి అంటే కెప్టెన్ రాజీనామా రాసి ఇస్తాడు.

నల్లాదగ్గర_కొట్లాట
పప్పు సంగతి చదివి మనసు చివుక్కుమంది.

గోదావరిగట్టు
నడిసంద్రం గారూ, ఆ మంచు ఎప్పుడైనా రుచి చూశారా?

నడిసంద్రం
చూడకుండా ఉంటామా? వలతో చిన్న ముక్కలు పైకి తెచ్చి కడిగి గ్లాసులో వేసుకునేవాళ్లం. నీళ్లు పోయగానే చిటపటమంటుంది, గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంటే పోపు వేగుతున్నట్టే ఉంటుంది. వేల ఏళ్ల కిందట మంచుతో పాటు ఇరుక్కున్న గాలి బుడగలు పగిలే చప్పుడు. రుచా? ఏ రుచీ ఉండదు. ఉప్పు కూడా ఉండదు. అక్కడ దీన్ని కోసి సీసాల్లో పోసి అమ్మేవాళ్లున్నారు, బీరు కాచేవాళ్లున్నారు. 2019లో గిడ్డంగి నుంచి ముప్పై వేల లీటర్ల మంచుకొండ నీళ్లు ఎవరో దొంగిలించుకుపోయారు కూడా. అప్పట్లో పత్రికల్లో పడింది.

ట్యాంకర్_బాధితుడు
ముప్పై వేల లీటర్లు అంటే నాకు మూడు ట్యాంకర్లు. దొంగకు మా అపార్ట్‌మెంట్ చిరునామా ఎవరైనా ఇవ్వండి.

కేప్‌వాసి
ఇక్కడ అందరూ నవ్వుతున్నారు. మాకు అది నవ్వులాట కాదు. నేను 2015 నుంచి కేప్‌టౌన్‌లో ఉంటున్నాను. 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. నల్లాలు కట్టేసే రోజుకు ‘డే జీరో’ అని పేరు పెట్టి ఏప్రిల్‌లో ఒక తేదీ కూడా చెప్పారు. ఆ రోజు వస్తే మనిషికి 25 లీటర్లు, అదీ నగరంలో పెట్టే రెండు వందల కేంద్రాల దగ్గర వరుసలో నిలబడి తెచ్చుకోవాలి.

యాభై లీటర్లలో తెలుగు వంటిల్లు నడపడం ఎలా ఉంటుందో చెబుతాను. స్నానాల గదిలో ప్లాస్టిక్ తొట్టి పెట్టి అందులో నిలబడి రెండు నిమిషాల్లో స్నానం ముగించాలి. ఆ నీళ్లు బకెట్‌లోకి తీసి మరుగుదొడ్లో పోయాలి. బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు, ఆ నీళ్లతో గిన్నెలకు మొదటి విడత, ఆ తర్వాత కరివేపాకు చెట్టుకు. ఇడ్లీ రుబ్బు మానేశాం, గ్రైండర్ కడగడానికే నాలుగు లీటర్లు పట్టేది. న్యూలాండ్స్ ఊట దగ్గర డబ్బాలతో వరుస కట్టినప్పుడు నా ముందు ఒక ముసలాయన ఖాళీ డబ్బాను పసిపిల్లాడిని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, కింద పెట్టలేదు. ఎందుకో అది మరిచిపోలేను.

అప్పుడే నిక్ స్లోన్ పేరు విన్నాం. ఇటలీలో ఒరిగిపోయిన కోస్టా కాంకోర్డియా ఓడను లేపిన బృందానికి నాయకుడు ఆయనే. దక్షిణ అట్లాంటిక్‌లోని గాఫ్ దీవి దగ్గర నుంచి పది కోట్ల టన్నుల మంచుకొండను 2,700 కిలోమీటర్లు లాక్కొస్తాను, ఏడాది పాటు రోజుకు 15 కోట్ల లీటర్లు ఇస్తాను, ఖర్చు సుమారు 20 కోట్ల డాలర్లు అన్నాడు. మూజెన్ కూడా ఆయన బృందంలో ఉన్నాడు. మాకు పిచ్చివాడి మాటలా అనిపించలేదు. డబ్బా పట్టుకుని నిలబడ్డ రోజుల్లో ఏ మాటా పిచ్చిగా అనిపించదు.

ట్యాంకర్_బాధితుడు
మీ పోస్టు చదివాక నా పదిహేను వందల ఏడుపు మీద నాకే సిగ్గేసింది. తర్వాత ఏమైంది?

కేప్‌వాసి
ఏమీ కాలేదు. నగరం ఒప్పుకోలేదు. భూగర్భ జలాలు, పైపుల లీకులు అరికట్టడం, ఇవన్నీ ఇంతకంటే చవక అన్నారు. జనం నిజంగానే వాడకం తగ్గించారు. ఆ ఏడాది జూన్ నుంచి వానలు పడ్డాయి. వాన పడ్డాక మంచుకొండ ఎవరికి కావాలి?

లెక్కలమాస్టారు
ఆ లెక్కనే మన కొలతల్లోకి మారుద్దాం. పది కోట్ల టన్నులంటే పది కోట్ల ఘనపు మీటర్లు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. అంటే సుమారు 35 టీఎంసీలు. హైదరాబాద్‌కు ఏడాదికి పైగా సరిపోతుంది.

గోదావరిగట్టు
మాస్టారూ, దశాంశ బిందువు జారింది. పదిని 2.83తో భాగిస్తే 3.5.

లెక్కలమాస్టారు
తప్పు నాదే. 3.5 టీఎంసీలు. నలభై ఏళ్లు పిల్లల చేత ఇదే తప్పుకు గుంజీలు తీయించాను.

ట్యాంకర్_బాధితుడు
మూడున్నరేనా? గండిపేట నిండితేనే 3.9 టీఎంసీలు కదా?

లెక్కలమాస్టారు
అదే. కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు, ఆకాశహర్మ్యమంత లోతు ఉన్న కొండను దక్షిణ సముద్రం నుంచి మూడు నెలలు ఈడ్చుకొస్తే ఒక్క గండిపేట కూడా నిండదు. అందులోనూ స్లోన్ చెప్పిన రోజుకు 15 కోట్ల లీటర్లను 365తో గుణిస్తే చేతికి వచ్చేది 5.5 కోట్ల ఘనపు మీటర్లే, అంటే రెండు టీఎంసీల లోపు. మిగతాది సముద్రానికి దక్షిణ.

గోదావరిగట్టు
2022 జులై వరద గుర్తుందా? ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వీధి చివర ఇసుక బస్తాలు వేశారు, రాత్రంతా గట్టు మీద టార్చిలైట్లు. ఆ లెక్కన మూడున్నర టీఎంసీలు బ్యారేజీ దాటడానికి పట్టే సమయం ఇరవై మూడు నిమిషాలు. మీ మంచుకొండ మొత్తం మా ఊళ్లో ఒక కాఫీ కాచి తాగే లోపు సముద్రంలో కలిసిపోయింది.

నల్లాదగ్గర_కొట్లాట
కాఫీ ఇరవై మూడు నిమిషాలు కాస్తారా? ఫిల్టర్ డికాక్షన్ అయి ఉంటుంది.

చెన్నపట్నం_పాతకాపు
ఇంకో లెక్క. తెలుగుగంగ ఒప్పందం 1983లో జరిగింది. కృష్ణ నుంచి 15 టీఎంసీలు చెన్నైకి వదలాలి, అందులో 3 టీఎంసీలు దారిలో ఆవిరికీ ఇంకుడుకీ పోతాయని ముందే రాసుకుని 12 చేరాలన్నారు. 12 నిండుగా చేరిన ఏడాది కోసం ఇక్కడ ఇంకా ఎదురుచూస్తున్నాం, అది వేరే కథ. నేను చెప్పేది ఏమిటంటే, ఒక కాలువ దారిఖర్చు కింద కొట్టేసిన నీళ్లు దాదాపు ఒక మంచుకొండకు సమానం. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చినప్పుడు ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. అది చూడటానికి రైల్వే లైను పక్కన జనం గుంపులు కట్టారు. కళ్లకు కనిపించే నీళ్ల మీద మనకు మోజు ఎక్కువ. కాలువ గట్టుకు సిమెంటు వేస్తే ఎవరు చూస్తారు?

అన్నట్టు మంచు ప్రయాణం మనకు కొత్త కాదు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి నాలుగు నెలలకు కలకత్తా చేరింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి పంపించాడు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును రంపంతో కోసి, రంపపు పొట్టులో పాతిపెట్టి తెచ్చాడు. దిగేసరికి వంద టన్నులు మిగిలాయి. మద్రాసులో ఆ మంచు దాచడానికి 1842లో కట్టిన గుండ్రటి ఐస్ హౌస్ ఇప్పటికీ మెరీనా ఎదురుగా ఉంది. 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు బస చేయడంతో ఇప్పుడు ఆయన పేరుతో పిలుస్తారు. బస్సు కండక్టర్లు మాత్రం ‘ఐస్‌హౌస్, ఐస్‌హౌస్’ అనే అరుస్తారు.

ఆశల_పల్లకి
చూశారా! 1833లోనే, తెరచాపల ఓడలో, భూమధ్యరేఖ రెండుసార్లు దాటి సగానికి పైగా మిగిలింది. రెండు వందల ఏళ్ల తర్వాత మనం కుదరదు అంటున్నాం. విశాఖకు ఎందుకు తేకూడదు?

నడిసంద్రం
అది ఓడ లోపల పొట్టులో ఉన్న మంచు. ఇది వెచ్చటి నీళ్లలో ఈదే మంచు. రెండింటికీ చాలా దూరం. ఇక విశాఖ లెక్క వేద్దాం. అరవై డిగ్రీల దక్షిణ అక్షాంశం నుంచి మన తీరానికి తిన్నగా గీత గీసినా 8,600 కిలోమీటర్లు. గంటకు కిలోమీటరున్నర చొప్పున 240 రోజులు. చివరి రెండు మూడు వేల కిలోమీటర్లు ముప్పై డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడెక్కిన నీళ్లు. బంగాళాఖాతంలో తుపాను లేని నెల చూసుకుని రావాలి. ఇన్నీ దాటి వచ్చినా రెండు వందల మీటర్ల లోతు మన తీరానికి పదుల కిలోమీటర్ల అవతలే ఆగిపోతుంది. రేవులోకి రాదు. అక్కడే లంగరేసి నీళ్లు తోడుకోవాలి. కేప్‌టౌన్‌కు ఒక వరం ఉంది, వాళ్ల పశ్చిమ తీరం వెంట బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం దక్షిణం నుంచి పైకి పారుతుంది. మనకు ఆ భాగ్యం లేదు.

ఐసుదిమ్మ
గాలి కంటే నీళ్లలో ఐసు ఎంతో తొందరగా కరుగుతుంది, అది మా కుర్రాళ్లకు కూడా తెలుసు. కానీ పావడా గుడ్డ కడితే నిజంగా తేడా ఎంత? ఈ ఆదివారం రెండు అర దిమ్మలు ఉప్పుటేరులో కట్టి చూస్తాను. ఒకటి ఊరికే, ఒకటి టార్పాలిన్ చుట్టి.

ట్యాంకర్_బాధితుడు
ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన ఒకే ఒక్క పనికొచ్చే ప్రతిపాదన. ఎదురుచూస్తాం.

అర్ధరాత్రి_అనుమానం
లాగడం గురించే మాట్లాడుతున్నారు. కరిగించడం సంగతి? టన్ను మంచు కరగాలంటే సుమారు 93 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. అదే సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే కొత్త ప్లాంట్లు వెయ్యి లీటర్లకు వాడేది మూడు నాలుగు యూనిట్లు. స్లోన్ అన్న రోజుకు లక్షన్నర టన్నులు కరిగించాలంటే రాత్రీ పగలూ 580 మెగావాట్ల వేడి. మన సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ 500 మెగావాట్లు. అంటే కొండ పక్కన ఒక విద్యుత్ కేంద్రం పెట్టుకోవాలి!

ఆశల_పల్లకి
ఆ వేడి కరెంటుతో ఎందుకు ఇస్తాం? చుట్టూ సముద్రం, పైన సూర్యుడు. ఊరికే ఇస్తారు. పైగా ఆ చల్లదనాన్ని కూడా అమ్ముకోవచ్చు, నగరానికి చల్లగాలి, విద్యుత్ కేంద్రాలకు చల్లటి నీళ్లు.

అర్ధరాత్రి_అనుమానం
ఊరికే ఇస్తారు, సరే. కానీ సముద్రం వేడి ఇస్తూనే కరిగిన నీళ్లను తనలో కలిపేసుకుంటుంది. సముద్రాన్ని తగలనివ్వకూడదని పావడా కడతారు, సముద్రమే కరిగించాలని కోరుకుంటారు. ఇందులో మీకే వైరుధ్యం కనిపించడం లేదా? స్లోన్ ఆలోచన కూడా కొండ పైభాగాన్ని తవ్వి మంచును ముద్దగా చేసి ఓడల్లోకి పంపు చేయడమే. అంటే అలల మీద ఊగే కొండ నెత్తిన గని తవ్వడం.

ఆశల_పల్లకి
ఈ ఒక్క పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తాను.

కేప్‌వాసి
మా దగ్గర కూడా చివరికి అడిగిన ప్రశ్న అదే. కొండ వచ్చాక నీళ్లు మా నల్లాలోకి ఎలా వస్తాయి అని. ఓడలు, పైపులు, శుద్ధి, వీటి ఖర్చు ఎవరి నెత్తిన అని.

లెక్కలమాస్టారు
ఖర్చు లెక్క ఈసారి రెండుసార్లు సరిచూసుకున్నాను. 20 కోట్ల డాలర్లను 5.5 కోట్ల ఘనపు మీటర్లతో భాగిస్తే వెయ్యి లీటర్లకు మూడున్నర డాలర్లకు పైన, మన డబ్బుల్లో సుమారు మూడు వందల రూపాయలు. ఇజ్రాయెల్‌లోని సోరెక్ ప్లాంటు సముద్రపు నీటిని అర డాలరు పైచిలుకుకే మంచినీరు చేసి ఇస్తోంది. ట్యాంకర్ బాధితుడు గారు ఇచ్చేది పది వేల లీటర్లకు పదిహేను వందలు, అంటే వెయ్యి లీటర్లకు నూట యాభై.

ట్యాంకర్_బాధితుడు
అంటే మా ట్యాంకర్ అబ్బాయి అంటార్కిటికా కంటే సగానికి సగం చవకగా ఇస్తున్నాడా? అతడికి ఈ సంగతి చెప్పకండి, రేటు పెంచుతాడు.

నల్లాదగ్గర_కొట్లాట
బేరం ఆడేటప్పుడు వాడుకోవడానికి ఒక మంచి మాట దొరికింది. ‘ఈ రేటు ఇస్తే నేను మంచుకొండే తెప్పించుకుంటాను.’

గోదావరిగట్టు
అసలు అది ఎవరి సొత్తు? ఎవరైనా వెళ్లి కట్టుకుని తెచ్చేసుకోవచ్చా?

అర్ధరాత్రి_అనుమానం
అంటార్కిటిక్ ఒప్పందం అరవై డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన వర్తిస్తుంది. 1991 మాడ్రిడ్ ఒప్పందం అక్కడ ఖనిజాల తవ్వకాన్ని నిషేధించింది, కానీ మంచు తీసుకోవడాన్ని ఆ లెక్కలోకి తేలేదు. అరవై దాటి పైకి తేలి వచ్చిందంటే అది బహిరంగ సముద్రంలో ఉన్నట్టే. న్యూఫౌండ్‌లాండ్ ప్రభుత్వం మాత్రం 2016లో తమ దగ్గర మంచు కోసుకునేవాళ్ల మీద పన్ను వేసింది. నాకు బెంగ ఇంకొకటి. ఏ68 అనే కొండ సౌత్ జార్జియా దగ్గర కరుగుతూ సముద్రంలోకి వదిలిన మంచినీళ్లు 15 వేల కోట్ల టన్నులకు పైనే. వాటితో పాటు ఇనుము, ఇతర పోషకాలు కూడా వెళతాయి, నాచు పెరుగుతుంది. ‘ఎవరికీ పనికిరాకుండా’ అని మొదటి పోస్టులో ఉంది, ఆ మాట నాకు నచ్చలేదు.

ట్యాంకర్_బాధితుడు
వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఏటా అంటార్కిటికా నుంచి విరిగిపడేది వెయ్యి ఘన కిలోమీటర్లకు పైనే అని చదివాను. అందులో ఒక గండిపేటంత తీస్తే సముద్రానికి తెలుస్తుందా?

అర్ధరాత్రి_అనుమానం
మొత్తం సముద్రానికి తెలియదు. కట్టేసిన చోట తెలుస్తుంది. ఏడాది పాటు ఒకే చోట చల్లటి మంచినీళ్లు కారుతుంటే అక్కడి చేపలు ఏమంటాయో ఐసుదిమ్మ గారిని అడగండి.

ఐసుదిమ్మ
చేపలు నన్ను చూస్తేనే పారిపోతాయి, నేను అడిగితే చెబుతాయా?

నిర్వాహకుడు
విశాఖ రేవు, పోలవరం, రాజధాని గురించి వచ్చిన పదకొండు పోస్టులు వేరే చర్చకు మార్చాను. ఇక్కడ మంచు మాత్రమే.

నల్లాదగ్గర_కొట్లాట
నిర్వాహకుడు గారే పెద్ద టగ్గు. పదకొండు పోస్టులు ఒక్కసారి లాగేశారు.

ఆశల_పల్లకి
నాలుగు రోజులు ఆలోచించాను. విశాఖ మాట వదిలేస్తున్నాను. కానీ కేప్‌టౌన్ విషయంలో ఇంకా ఒప్పుకోను. దగ్గరి దూరం, చల్లటి ప్రవాహం, ఎప్పుడో ఒకసారి వచ్చే కరువు. ప్లాంటు కడితే వానలు పడ్డాక కూడా అప్పు కట్టాలి. మంచుకొండకైతే కరువు రానప్పుడు ఖర్చు లేదు.

కేప్‌వాసి
అది నిజం. కానీ కరువు ముంచుకొచ్చాక ఫోన్ చేస్తే కొండ వెంటనే రాదు కదండీ. గుడ్డ కుట్టాలి, ఓడలు దొరకాలి, దక్షిణ సముద్రం శాంతించాలి. అప్పటికి వాన పడనైనా పడుతుంది, లేదా మేము ఊరు వదిలి అయినా వెళ్తాం. కాబట్టి గుడ్డ ముందే కుట్టి గోదాములో పెట్టుకోవాలి. అప్పుడు దానికీ అద్దె.

నడిసంద్రం
ఓడలకు కూడా. అంత బలమైన టగ్గులు ఊరికే కూర్చుని ఉండవు, చమురువాళ్లు రోజువారీ అద్దె కట్టి తీసుకుపోతారు.

ఐసుదిమ్మ
ఆదివారం ప్రయోగం అయింది. ఆలస్యానికి కారణం మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్.

యాభై కిలోల దిమ్మను రంపంతో సగానికి కోయించాను. రెండూ తూకం వేస్తే చెరో పాతిక కిలోలకు కాస్త అటూ ఇటూ. ఉదయం ఏడున్నరకు పోటు మొదలయ్యాక ఉప్పుటేరులో పడవలు కట్టే గుంజలకు చెరో నైలాను తాడుతో కట్టాం. ఒకటి ఊరికే. రెండోదానికి పాత టార్పాలిన్ వదులుగా చుట్టి అడుగున ముడి వేశాం.

ఊరికే కట్టినది పావుగంటకే మూలలు పోయి గుండ్రంగా అయింది. అరగంటకు తాడు ముడి వదులైంది, మా కుర్రాడు దిగి మళ్లీ బిగించాడు. మరో పది నిమిషాలకు మళ్లీ వదులు. మూడోసారి నడుము దగ్గర గాడిపడి, సన్నబడి, తాడులోంచి సబ్బుబిళ్లలా జారి నీళ్లలో కొట్టుకుపోయింది. కుర్రాడు ఈది పట్టుకునే లోపు రెండు పడవల అవతలికి వెళ్లింది. తెచ్చి చూస్తే పెద్ద బొప్పాయంత. తొమ్మిదింటికి ఏమీ లేదు. నడిసంద్రం గారూ, మీ మోకు కథ ఇప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

టార్పాలిన్‌ది పదకొండున్నరకు విప్పాను. లోపల కొబ్బరికాయంత మిగిలింది. గుడ్డ లోపలి నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంది, బయటి నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. కాబట్టి పావడా పనిచేస్తుంది, మూజెన్ గారికి ఆ మార్కులు ఇవ్వాల్సిందే.

ట్యాంకర్_బాధితుడు
అద్భుతం. ఆ లోపలి చల్లటి నీళ్లు? మంచినీళ్లే కదా, తాగి చూశారా?

ఐసుదిమ్మ
కుర్రాడు దోసిట్లో తీసుకుని తాగి వెంటనే ఉమ్మేశాడు. వదులుగా చుట్టాం కదా, పోటు నీళ్లు లోపలికి వస్తూనే ఉన్నాయి. ఉప్పగానే ఉన్నాయట.

కొబ్బరికాయంత ముక్కను మాత్రం పైకి తెచ్చి కడిగి, పగలగొట్టి, అక్కడున్న నలుగురం నిమ్మకాయ సోడాలో వేసుకున్నాం.